మామ జంపఖాన

పొద్దున లేవంగనే శోభారాణి పొయ్యి ముట్టియ్యకముందే అర్రలకు పోయి మామ కింద పరిచిన జంపఖాన చూస్తది. గట్టయ్య కొత్తవాడల మగ్గం ఇడిసిపెట్టే ముందు ఆఖరుగ నేసిన నీలం చారల జంపఖాన అది. ఆయన బీపీ మంచిగుంటే చారలు నీలంగనే ఉంటయి. పెరిగితే అంచుకెల్లి ఎరుపు ఎక్కుతది. వాడకట్టుల అందరికి ఎరుకే. ఆశ వర్కర్ మొగిలమ్మ సుత మొదలు జంపఖాన చూసి, ఆ తర్వాతనే బీపీ మిషన్ కడుతది.

ఆ దినం సగం దాకా ఎర్రగుంది.

"గోలి ఏసుకున్నరా మామా?"

"ఏసుకున్న."

"మరి ఇదేంది?"

గట్టయ్య జర జరిగి ఎర్ర చారల మీద కాళ్లు చాపిండు. కప్పితే కనపడదనుకున్నడు, చిన్నపిల్లగాని లెక్క.

"శోభా, మీ మామది ఎర్రగయింది, కిటికీలకెల్లి కనపడతాంది" అన్నది పక్కింటి గులాబ్ బీ.

"చూసిన ఖాలా. నాకు కండ్లున్నయి."

శోభకు ఒళ్లు మండింది. మొన్న గోలీలన్నీ ఇంట్ల పాత మగ్గం గుంతల దొరికినయి. నిన్న దిండు కింద మిర్చి బజ్జీల కాయితం. డాక్టర్ రోజు వీధి మూల దాకా నడువుమంటే మామ మోకాళ్ల నొప్పులంటడు. మొగడు ఓంప్రకాశ్ హన్మకొండల బట్టల దుకాణానికి పోయి రాత్రికి వచ్చి, "నాయినను జర మంచిగ చూస్కో" అంటడు. ఆ 'జర' అన్న మాటకే ఆమెకు తల పగులుతది. ఈ నడుమ నిజంగనే పగులుతాంది, కండ్లకు చీకట్లొస్తానయి. ఎవలికి చెప్పాలె? చెప్పే టైం యాడిది?

ఉప్పు తగ్గించిన ఉప్మా, గోలి, మంచినీళ్లు తెచ్చి ముందట పెట్టింది. గట్టయ్య ఒక్క ముద్ద నోట్లె పెట్టుకుని, "గడ్డి తిన్నట్టున్నది" అని పళ్లెం నూకిండు. గ్లాసు పడి నీళ్లు పారినయి, గోలి కొట్టుకపోయింది.

మామ ముందట కోడలు కూసోదు. మామ జంపఖాన మీద అసలే కూసోదు. పెండ్లయినకాంచి శోభ ఆ పద్ధతి ఎన్నడు తప్పలే.

"నాతోని కాదు మామా. ఇగ నాతోని కాదు" అని ఆయన పక్కన్నే జంపఖాన మీద కూలబడ్డది.

"ఏంది కోడలా, మర్యాద లేకుంట..." అని మొదలుపెట్టిన గట్టయ్య నోరు ఆగిపోయింది. ఆమె కూసున్న కాడికెల్లి ఎరుపు లేచి, నడిమి చార దాటి, అవతలి కుచ్చుల దాకా పాకింది. తన కింద ఎన్నడు అంత ఎర్రగ కాలే. నమ్మబుద్ధిగాక గోడ పట్టుకుని లేచి, కింద నేల మీద నిలబడ్డడు. ఎరుపు తగ్గలే, ఇంకింత చిక్కబడ్డది.

"నువ్వు ఎన్నడన్న చూపిచ్చుకున్నవా బిడ్డా?"

"నన్నెవలు చూస్తరు మామా?"

గట్టయ్య కట్టె తీసుకుని చెప్పులు ఎతుక్కున్నడు.

"ఎటు?"

"దవాఖానకు. మెల్లగ లే."

"మోకాళ్లన్నరు గద."

"అన్న."

వాళ్ల గల్లీలకు ఆటోలు రావు. గట్టయ్య మూలుక్కుంట ముందుగాల వీధి మూల దాకా పోయి ఆటో ఆపి, గల్లీల మెల్లగ వస్తున్న కోడలు దిక్కే చూసుకుంట నిలబడ్డడు.

దవాఖానల నర్సు అలవాటు కొద్ది పట్టీ గట్టయ్య చేతికే కట్టబోయింది. ఆయన చెయ్యి గుంజుకున్నడు.

"నాకు గాదమ్మా. మా కోడలికి."

మిషన్ల నంబర్ చూసి నర్సు డాక్టర్ కోసం ఉరికింది. ఇంకింత ఆగుంటే కాలు చెయ్యి పడిపోయేటియన్నడు డాక్టర్. ఆ మాట విన్నప్పుడు శోభ ఏడ్వలే, గట్టయ్యే కండువతోని కండ్లు తుడుచుకున్నడు.

దవాఖాన నుంచి ఇంటికొచ్చిన తెల్లారి శోభ ఎప్పటి లెక్కనే అర్రలకు పోయి వంగి చూడబోయింది. గట్టయ్య తన గోలి మింగి, ఆమె గోలి చేతుల పట్టుకుని ఉన్నడు. జంపఖాన మీద ఓ పక్కకు జరిగి సగం జాగ ఇడిసిండు.

"కూసో బిడ్డా. ముందుగాల నిన్ను చూడనియ్యి."