ఒక్క సెట్టు చాలు

"తల్లిపాలు ఫ్రీ కదా చందూ, మళ్ళీ ఈ ఖర్చేంటి? ఒక సెట్టు ఉందిగా, కడుక్కుంటే పోలా?" అన్నాడు వంశీకృష్ణ, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

హరిచందన సింకు దగ్గర పాల పంపు కప్పులు కడుగుతోంది. సెలవు అయిపోయి నాచారంలోని ల్యాబ్‌లో మళ్ళీ చేరి మూడు వారాలైంది. బోడుప్పల్ ఇంట్లో ఆరునెలల సిరికి పగలంతా పాలు ఉండాలంటే ఇంట్లో రెండుసార్లు, ల్యాబ్‌లో మూడుసార్లు పంపు పెట్టుకోవాలి. పెట్టుకున్న ప్రతిసారీ కప్పులు, మూతలు, చిటికెనవేలి గోరంత రబ్బరు బిళ్ళలు విడదీసి, కడిగి, ఆరబెట్టాలి. ఇంటికొచ్చాక అన్నీ మరిగించాలి. ఇంకో సెట్టుంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చని అడిగింది. రెండువేలు.

ఆమెకు కోపం వచ్చింది. ఖర్చు! అసలు మిషనే కొనలేదు తను. ల్యాబ్‌లో పక్క టేబుల్ రాజశ్రీ ఇచ్చింది. "మా పోరడు పాలు మానిండు, మిషన్ బీరువాల ఊకెనే ఉన్నది. తీస్కపో. కప్పులు మాత్రం కొత్తయి కొనుక్కో, ఒకరియి ఒకరు వాడొద్దు" అంది. పాలు దాచే సంచుల బదులు గట్టి మూతల గాజుసీసాలు. చల్లగా ఉంచడానికి పాత లంచ్‌బ్యాగు, అందులో ఐసు ప్యాకెట్టు. బట్ట తడవకుండా లోపల పెట్టుకునే మెత్తలైతే అత్తగారు ఛాయాదేవి తన పాత వాయిల్ చీర చింపి కుట్టిచ్చింది.

"మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?" అని మొదట్లో మూతి విరిచిన మనిషే. తెనాలిలో ముప్ఫయ్యేళ్ళు లెక్కల టీచరు. కత్తెర పట్టుకున్నాక గొంతు మారింది. "బళ్ళో వాష్‌బేసిన్‌లో పాలు పిండి పారబోసేదాన్నమ్మా. జాకెట్టు తడిస్తే పమిట నిండుగా కప్పుకుని పాఠం చెప్పేదాన్ని. ఇంటి దగ్గర వీడేమో ఆకలికి గుక్కపట్టి ఏడ్చేవాడట" అంది. ఆ వీడే ఇప్పుడు ఫ్రీ అంటున్నాడు. ఎవరికి ఫ్రీ? మొన్న సెక్షన్ పెద్ద విజయభాస్కర్, బేసిన్ దగ్గర కప్పులు కడుగుతున్న ఆమెను చూసి "ఇంట్లో అంట్లు తోమి వచ్చి ఇక్కడ కూడానా అమ్మా?" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వినందుకే ఇప్పటికీ తన మీద తనకు ఒళ్ళుమంట. డబ్బు మిగిల్చిన ప్రతిచోటా తన చేతులే అరిగాయి. ఆ అరుగుదల మాత్రం ఎవరికీ కనబడదు.

ఆదివారం పొద్దున్నే చిన్న టబ్బు, బ్రష్షు, కప్పులు తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"మీరన్నది నిజమేనండీ, ఒక్క సెట్టు చాలు. కాకపోతే ఇంట్లో కడగడం, మరిగించడం మీది."

వంశీ వాళ్ళమ్మ వైపు చూశాడు, కాపాడుతుందేమోనని.

"నీళ్ళు మరుగుతున్నాయి. చెయ్యి కాల్చుకోకు నాన్నా" అందావిడ.

మొదటిరోజే రబ్బరు బిళ్ళ సింకులో పడి, కింద పైపు విప్పాల్సొచ్చింది. మూడోరోజు "ఇది రోజూనా?" అన్నాడు. రోజూ. "ఎన్నాళ్ళు?" సిరి మానేదాకా. తనదాకా వస్తేగానీ తెలియదంటారు, ఊరికే అనలేదు. పాపం, మానలేదు మాత్రం. ఈలలు వేస్తూ, సణుగుతూ కడిగాడు. ఆ పావుగంటలో హరిచందన బాల్కనీలో కూర్చుని సిరికి పాలిచ్చేది. ఉప్పల్ వెళ్ళే బస్సులు చూస్తూ పొగలు కక్కే టీ తాగేది. కాన్పయ్యాక వేడి టీ తాగడం అదే మొదలు. హాయిగా ఉంది ఆమెకు.

మళ్ళీ ఆదివారం పార్సిల్ వచ్చింది. విప్పితే ఒకటి కాదు, రెండు కొత్త సెట్లు!

"నీకు కష్టంగా ఉంటోందని..." అన్నాడు వంశీ, నానిపోయిన వేళ్ళు తువ్వాలుకి తుడుచుకుంటూ.

హరిచందనకు నవ్వొచ్చింది, ముద్దూ వచ్చింది. ఒక సెట్టు తీసి ఆఫీసు బ్యాగులో పెట్టుకుంది. రెండోదాన్ని మళ్ళీ పెట్టెలో సర్ది, టేపు అంటించి అతని చేతికిచ్చింది.

"ఇది రిటర్న్ పెట్టెయ్యండి. ఇంట్లోకి ఒక్క సెట్టు చాలు, మీరు చక్కగా కడుగుతున్నారు."