ఐదు వందల పదహారో మాట దాకా

బైబిల్ కాలేజీ బైండరుకు హీబ్రూ మాటలు బోలెడు వచ్చు. వచ్చని ఎవరికీ చెప్పడు. అదీ ఆయనతో వచ్చిన గొడవ.

ముప్పై ఏళ్లుగా ఆ కాలేజీ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు కుట్లు వేసి, జిగురు పూసి, అట్టలు కడుతున్న మనిషి. హీబ్రూ పుస్తకం కుడి నుంచి ఎడమకు నడుస్తుందని తెలియక ఒకసారి అట్ట తిరగేసి కట్టి ప్రిన్సిపాల్ చేత చివాట్లు తిన్నాడు. అక్కడే చదువుతున్న కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. "పాపం, పుస్తకానికి చొక్కా వెనక్కి తొడిగావు నాన్నా" అంది.

ఆ పిల్ల పోయి పద్నాలుగు నెలలైంది. బస్సు గుద్దింది. ఫోను కూడా ఆమెతోనే నుజ్జయిపోయింది. ఇంట్లో మిగిలింది పాత ల్యాప్‌టాప్, అందులో హీబ్రూ మాటలు నేర్పే సాఫ్ట్‌వేర్. బైబిల్లో ఎక్కువసార్లు వచ్చే మాట ముందు, తక్కువసార్లు వచ్చేది తర్వాత, వరసగా తెర మీదికొస్తాయి. నొక్కితే పలుకుతాయి. పలికేది కూతురే. ఐదు వందల పదహారో మాట దాకా తన గొంతుతోనే రికార్డు చేసుకుంది. ఆ తర్వాతివన్నీ మూగవి.

"బత్. కూతురు," అంటుంది. "అవ్. తండ్రి," అంటుంది, మధ్యలో ఒక తుమ్ము కూడా. చెరిపి మళ్లీ చెప్పడానికి బద్ధకం కాబోలు, అలాగే వదిలేసింది.

మొదట్లో బైండరు బుద్ధిగా నేర్చుకుని "తెలుసు" అనే బటన్ నొక్కేవాడు. తెలిసిన మాటను ఆ సాఫ్ట్‌వేర్ రోజూ అడగదు. వారానికోసారి, తర్వాత నెలకు, ఆ తర్వాత ఆర్నెల్లకు. ఒక ఉదయం "ఈ రోజుకు ఏమీ లేవు" అని వచ్చింది. ఆ రోజు పిల్ల మాట్లాడలేదు.

మర్నాటి నుంచి అన్నింటికీ "మర్చిపోయాను" అనే నొక్కాడు, కంఠతా వచ్చిన మాటలకు కూడా. మర్చిపోయినవాడికి పిల్ల ఓపిగ్గా మళ్లీ మళ్లీ చెప్పింది. ఆ గొంతు వినడానికి ఇంకో దారి ఉందేమో ఆయనకు తెలియదు. ఎవరినైనా అడగొచ్చుగా? అడగడు. అడిగితే ఏడుపొస్తుంది, ఏడిస్తే పరువు పోతుంది. ఆ పరువు మండ.

భార్య ఇంట్లోనే ఆస్పత్రి దుప్పట్లకు అంచులు కుడుతుంది. పొద్దున్నే ఆయన తలుపు వేసుకుంటే, పక్క గదిలో ఆమె కుట్టు మిషను మొదలవుతుంది. కూతురి ఊసు ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.

ఒకరోజు ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. ప్రాణాలు అరచేత పెట్టుకుని దాన్ని, కాలేజీలో అందరూ తీగల మాస్టారు అని పిలిచే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లాడు. కాలేజీ కంప్యూటర్లు చూడడానికి ఈ ఏడే చేరినవాడు. మంచివాడు, పనివాడు, నోరే కాస్త ఎక్కువ. వైరు మార్చి, తెర చూసి పకపకా నవ్వాడు.

"ఏంటి బాబాయ్, కూతురు అన్న ఒక్క మాట నాలుగొందల సార్లు మర్చిపోయారా?"

బైండరు మొహం మాడిపోయింది. నిజం గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

"నా తప్పేం లేదు," అన్నాడు. "అందులో పలికే గొంతు బాగాలేదు. అందుకే బుర్రకెక్కడం లేదు."

"అలా చెప్పండి మరి. సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి."

గండం గడిచిందనుకుంటూ బైండరు తన జిగురు డబ్బా దగ్గరికి పోయాడు. సాయంత్రం మాస్టారు ల్యాప్‌టాప్ చేతికిస్తూ, "మీ ఇబ్బంది తీరిపోయింది బాబాయ్," అంటే, వైరు సంగతే అనుకుని తలూపాడు.

మర్నాడు పొద్దున తెర తెరిచి నొక్కాడు.

"బత్," అంది ఒక మగ గొంతు, వార్తలు చదివేవాడి గొంతు. "కూతురు."

ఇంకో మాట నొక్కాడు. వాడే. పది నొక్కాడు, ఇరవై నొక్కాడు. వాడే. మాస్టారికి ఫోన్ చేశాడు.

"పాతవా? మొత్తం తుడిచేశాను బాబాయ్. ఎవరో అమ్మాయి ఇంట్లో కూర్చుని చెప్పినట్టుంది. మీరన్నది నిజమే, పలకడం సగం తప్పు."

"మళ్లీ తెప్పించగలవా?"

"ఎక్కడి నుంచి తెస్తాను? కాపీ కూడా ఉంచలేదే. ఏం, కొత్త గొంతు బాగాలేదా?"

"బాగుంది," అన్నాడు బైండరు.

ఫోన్ పెట్టేసేసరికి పక్క గదిలో మిషను చప్పుడు లేదు. తలుపు తోసుకుని భార్య వచ్చి నిలబడింది.

"ఎవరండీ ఆ మనిషి?"

బైండరు ల్యాప్‌టాప్ మూత వేశాడు.

"ఇన్నాళ్లూ సూదికి దారం కూడా ఎక్కించకుండా ఉత్త మిషను తొక్కుతూ పిల్ల మాటలు వింటున్నాను," అందామె. "మీరు తలుపేసుకున్నారని ఊరుకున్నాను. పిల్లనేం చేశారు?"

"గొంతు బాగాలేదన్నాను," అన్నాడు బైండరు. "నేనే అన్నాను."