గిన్నెకు పట్టని పేరు

మూడో బిందె మీద ‘మస్తానమ్మ’ పేరులో ఆఖరి అక్షరం దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. పెంచలనరసయ్య పేర్లు కొట్టే మిషను పక్కన పెట్టి, చెక్కపెట్టెలోంచి పాత ఉలి, చిన్న సుత్తి తీసి, బిందెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని చుక్క చుక్కగా కొట్టడం మొదలుపెట్టాడు. కరెంటు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆయనకు చేతకాదు. పైగా ఈ రోజు పదకొండుకల్లా ఇంట్లో ఉండాలి. మనవడికి పేరు పెడుతున్నారు.

ఆత్మకూరు బస్టాండు వీధిలో, అబ్దుల్ సలాం స్టీలు సామాన్ల కొట్టు గుమ్మం పక్కన గోనెపట్టా మీద ఆయన ముప్పై నాలుగేళ్లుగా కూర్చుంటున్నాడు. సన్నటి మనిషి. సుత్తి పట్టీ పట్టీ కుడిచేతి చూపుడువేలు లోపలికి వంగిపోయింది. కళ్లద్దాల మీద ఎప్పుడూ సన్నని స్టీలు పొడి. దుత్తలూరు నుంచీ వరికుంటపాడు నుంచీ పెళ్లి సామాను కొనడానికి వచ్చినవాళ్లు బిందెలూ గంగాళాలూ ఆయన ముందు పేర్చి, పేరు చెప్పి, టిఫినుకు వెళ్లిపోతారు. తిరిగొచ్చి సామాను ఎత్తుకుని బస్సెక్కుతారు. ఆయన మొహం ఒక్కరికీ గుర్తుండదు. ఆయన చేతిరాత మాత్రం చుట్టుపక్కల నాలుగు మండలాల వంటిళ్లలో ఉంది.

పేర్ల అర్థాలతో ఆయనకు పనిలేదు, అక్షరాలతోనే పని. ‘లలిత’ అంటే ప్రాణం. ‘రాజ్యలక్ష్మి’ అనగానే ఒత్తులకు కింద చోటు ఉందో లేదో చూసుకుంటాడు. ఎప్పుడో కలిగిరి పెళ్లికూతురి బిందె మీద ‘కరుణశ్రీ’ అని కొడితే ఆ గుండ్రాలు ముచ్చటగా కుదిరాయని, తన కూతురికి అదే పేరు పెట్టాడు.

ఆయనకు నచ్చని పేరు ఒక్కటే. తనది. ఏడక్షరాలు, ఒక సున్న, చివర ఒక ఒత్తు. బళ్లో హాజరు పిలిచేటప్పుడు అయ్యవారు ఆ పేరు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకునేవాడు. ఆధార్ కార్డులో ఒక రకంగా, రేషన్ కార్డులో ఇంకో రకంగా, బ్యాంకు పుస్తకంలో మరో రకంగా పడింది. ఆ ముగ్గురూ తానొక్కడేనని రుజువు చేసుకోవడానికి ఒక ఎండాకాలమంతా తిరిగాడు. ఏ ఆసుపత్రిలోనైనా నర్సు ‘పెంచల...’ అనగానే బల్లల మీదనుంచి అరడజను మంది పెంచలయ్యలు లేచి నిలబడతారు. మిగతా నాలుగక్షరాలు ఆమె పలికేలోపే ఎవరో ఒకరు సూది వేయించుకోవడానికి లోపలికి వెళ్లిపోతారు.

అందుకే ఆయన ముందురోజే ఒక పని చేసి పెట్టుకున్నాడు. ఉలి తుడిచి పెట్టెలో పెడుతూ, పొట్లం విప్పి సలాంకు చూపించాడు. అరచేతిలో ఇమిడే వెండి ఉగ్గుగిన్నె.

సలాం దాన్ని వెలుతురుకు పెట్టి చదివాడు. “విహాన్. ఎవురు పెట్టినారు?”

“నేనే. మూడే అక్షరాలు. ఎంత నీటుగా కూర్చుండాదో చూడు.”

“ఇంట్లో అడిగినావా?”

“అడిగేదేముంది? తాతను గదా.”

సలాం గిన్నె తిరిగి ఇచ్చేశాడు. “మా ఇంటామె రిహానాను అడక్కుండా నేను మా ఇంట్లో టీవీ గూడా పెట్టను. నువ్వు పేరే పెట్టేసినావు. పో నరసయ్యా, తొందరగా పో. మిగతా బిందెలు రేపు చూద్దాం.”

ఇంటికి వెళ్లేసరికి భార్య కామాక్షమ్మ పొయ్యి దగ్గర గారెలు తీస్తోంది. కూతురు కరుణశ్రీ ఇరవైయొక్క రోజుల పిల్లాడిని ఒళ్లో వేసుకుని మంచం మీద కూర్చుంది. అల్లుడు మాధవ్ ఉదయగిరిలో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. ఆ పూట పట్టుపంచె కట్టుకుని, అది ఎక్కడ జారిపోతుందోనని కదలకుండా నిలబడి ఉన్నాడు.

కరుణశ్రీ గిన్నె అందుకుని, చదివి, పకపకా నవ్వింది.

“నాయనా, వాడి పేరు పెంచలనరసయ్య.”

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, తన కోసం ఎవరైనా వచ్చారేమోనని.

“వాడి పేరు నాయనా! నీ మనవడి పేరు. నేనూ ఆయనా ఎప్పుడో అనుకున్నాం.”

“నీకేమన్నా పిచ్చా పాపా? నేనింకా బతికే ఉండాను గదా!”

“బతికుంటే పెట్టగూడదని యాడుండాది?”

“అది గాదు. ఈ కాలంలో ఎవురైనా పెడతారా ఆ పేరు? బళ్లో పిల్లకాయలు ఏడిపిస్తారు. గిన్నె మీద గూడా పట్టదు. నేను చూసినా, నాలుగక్షరాలకే అయిపోతాది.”

“అయితే గిన్నెకు విహాన్ అని పెట్టుకో. పిల్లోడికి మాత్రం ఇదే.”

మాధవ్ నవ్వబోయి, మామ మొహం చూసి, పంచె సర్దుకున్నాడు.

“ఎందుకమ్మా ఈ పంతం?” అన్నాడు పెంచలనరసయ్య, కొంచెం మెత్తబడి.

“నా టిఫిన్ డబ్బా మీద ఎవురి పేరు కొట్టినావు?”

ఆయన కళ్లద్దాలు తీసి పంచెకు తుడుచుకున్నాడు. అది తన పెళ్లినాటి డబ్బా. దాని మీద తన పేరే ఉంది.

“ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా బళ్లో అందరూ నన్ను పెంచలనరసయ్యా అనే పిలిచినారు. మొదట్లో ఏడ్చినా. తర్వాత ఎవురన్నా కరుణశ్రీ అంటే పలకడం మర్చిపోయినా. అది నీ ఒక్కడి పేరే గాదు నాయనా, ఐదేళ్లు నాది గూడా. ఇప్పుడు వాడికిస్తన్నా.”

ఇదంతా ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఐదేళ్ల పాటు రోజూ ఆ డబ్బా కడిగి బోర్లించింది ఆయనే.

వంటింట్లో గరిటె కింద పడింది. అసలు చిక్కు అక్కడుంది. కామాక్షమ్మ పెళ్లయిన ముప్పై తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా మొగుడి పేరు పలకలేదు. ‘ఏమయ్యో’, ‘ఇదుగో’, పదిమందిలో అయితే ఒక దగ్గు. ఇంటికొచ్చి ఎవరైనా మొగుడి పేరు అడిగితే లోపలికి వెళ్లి చెంబు తెచ్చి చూపిస్తుంది. దాని మీద ఆయన కొట్టిన పేరుంటుంది. బ్యాంకుకు వెళ్లేటప్పుడు సంచిలో చెంబు పెట్టుకుని వెళ్లే మనిషి ఆత్మకూరులో ఆమె ఒక్కతే.

“మే పాపా,” అంది గుమ్మంలోకి వచ్చి, “నేను వాణ్ణి ఎట్ట పిలిచేది?”

“పేరు పెట్టి పిలువు.”

“నా వల్లగాదు తల్లీ.” ఆమె మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

పదకొండున్నరకు పళ్లెంలో బియ్యం పోసి మాధవ్ ముందు పెట్టారు. అతను ఉంగరం తీసి రాయడం మొదలుపెట్టాడు. సెల్‌ఫోనులో తప్ప తెలుగు రాసి చాలా కాలమైనట్టుంది. ‘పెం’ ఒక్కటే పళ్లెంలో పావు వంతు ఆక్రమించింది. ‘చ’ వాలిపోయింది. ‘ల’ పళ్లెం మధ్యలోకి వచ్చింది. ‘న’ దగ్గర చోటు చాలక ‘ర’ను అంచు మీదికి ఎక్కించబోయాడు. బియ్యం కింద పడ్డాయి.

పెంచలనరసయ్య అప్పటిదాకా గోడకు ఆనుకుని, ఈ వ్యవహారంతో తనకు సంబంధం లేనట్టు కూర్చున్నాడు. ‘ర’ అంచు ఎక్కడం చూడగానే ఆయన వంకర వేలు దానంతటదే కదిలింది.

“అట్ట గాదు మాధవ్. ముందు చోటు కొలుచుకోవాల. ఇట్టివ్వు.”

బియ్యం అరచేత్తో చదును చేశాడు. పళ్లెం చుట్టూ ఒకసారి చూశాడు. ఊపిరి బిగబట్టి, పైన ‘పెంచల’, కింద ‘నరసయ్య’ అని రెండు వరసల్లో రాశాడు. ఒత్తు కూడా అంచుకు తగలలేదు. తల ఎత్తి, “చూసినావా? పడతాది,” అన్నాడు గర్వంగా. అన్నాక గాని తానేం చేశాడో ఆయనకు తెలియలేదు.

కరుణశ్రీ నవ్వాపుకోలేక పిల్లాడి మీదికి వంగిపోయింది.

తర్వాత పెద్దవాళ్లు పిల్లాడి చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. అందరూ చెప్పారు. కామాక్షమ్మ వంతు వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని, వంగి, చాలాసేపు ఆగి, “మీ తాత పేరే నాయనా,” అంది. మూడుసార్లూ అదే అంది. ఇల్లంతా నవ్వులతో నిండిపోయింది. పెంచలనరసయ్య చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వాడు.

ఆ సాయంత్రమే ఆయన గిన్నెను మళ్లీ మిషను కింద పెట్టాడు. ‘విహాన్’ను అలాగే వదిలేసి, అంచు చుట్టూ చీమల బారులా తన పేరు కొట్టాడు. ఏడక్షరాలూ పట్టాయి. సున్న కూడా పట్టింది.

పది నెలలు గడిచాయి. కరుణశ్రీ ఆదివారాలు ఉదయగిరి నుంచి పిల్లాడితో వచ్చేది. వీధిలో అందరూ వాణ్ణి పూర్తి పేరుతోనే పిలిచేవాళ్లు. పిలిస్తే చాలు, ఎక్కడున్నా పాక్కుంటూ వచ్చేవాడు. కామాక్షమ్మ మాత్రం ‘సామీ’ అంటూ, ‘బుజ్జీ’ అంటూ నెట్టుకొచ్చింది.

అలాంటి ఒక ఆదివారం, అన్నం తిన్నాక పెంచలనరసయ్య వసారాలో మంచం మీద నడుం వాల్చాడు. నాలుగింటికి కామాక్షమ్మ టీ తెచ్చింది.

“ఇదుగో, టీ.”

ఆయన లేవలేదు. గోడవైపు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని ఉన్నాడు.

“ఏమయ్యో.”

ఆమె గ్లాసు నేల మీద పెట్టి, భుజం పట్టుకుని కుదిపింది. భుజం చల్లగా ఉంది. ఆమె దగ్గింది. మళ్లీ దగ్గింది.

తర్వాత, “పెంచలనరసయ్యా!” అని పిలిచింది.

స్పష్టంగా, ఒక్క అక్షరం కూడా తడబడకుండా పిలిచింది. లోపలి గదిలో నిద్రపోతున్న కరుణశ్రీ ఆ గొంతు ఎవరిదో తెలియక లేచి కూర్చుంది. ఆమె పక్కనుంచి పిల్లాడు చాప దిగి, గబగబా పాక్కుంటూ వసారాలోకి వచ్చి, అవ్వ చీర పట్టుకుని నిలబడి, మొహం పైకెత్తి చూశాడు.

మంచం కింద పళ్లెంలో, పడుకునే ముందు ఆయన ఎక్కడా తెగకుండా ఒకే చుట్టుగా ఒలిచిన బత్తాయి తొక్క ఉంది. దాని పక్కన, గింజలు తీసి పేర్చిపెట్టిన తొనలు, కామాక్షమ్మ వాటా.