సమాచారార్థం

పెందుర్తి సంఘంలో రమణమూర్తి గారిని పాస్టరుగారనే వాళ్లు తక్కువ. తాసీల్దారు అయ్యగారనేవారు. ఇరవై తొమ్మిదేళ్లు రెవెన్యూలో చేసి, తాసీల్దారుగా రిటైరై, ఆపైన బాప్తిస్మం పుచ్చుకుని, రేకుల షెడ్డులో వాక్యం చెప్పుకుంటున్న మనిషికి అంతకంటే ఏం పేరు పెడతారు! ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ, ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ప్రార్థన మొదలుపెట్టినా "తమ దివ్యసముఖానికి విన్నవించుకొనునది ఏమనగా" అనే మొదలుపెట్టేవారు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవారు. ఆయన పట్టించుకునేవారు కాదు.

తక్కిన పాస్టర్లు బాప్తిస్మం ఇచ్చి, ఓ నోటుపుస్తకంలో పేరూ తేదీ రాసుకుని ఊరుకుంటారు. ఈయన ఊరుకుంటారా? బారెడు రిజిస్టరు కుట్టించి, ఎర్రసిరాతో గీతలు గీసి, తొమ్మిది గడులు పెట్టారు. బాప్తిస్మపు పేరు, పూర్వనామం, తండ్రి పేరు, కులం, గ్రామం, తేదీ, వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. అక్కడితో ఆగినా బాగుండును. ఏటా మార్చి నెలాఖరుకి ఆ జాబితాకి ముత్యాల్లాంటి అక్షరాలతో నకలు తీసి, కింద సంతకం పెట్టి, "ప్రతి: తాలూకా ఆఫీసుకు, సమాచారార్థం" అని రాసి పోస్టులో వేసేవారు. ఎవరడిగారయ్యా అంటే ఎవరూ అడగలేదు. కాయితం రాశాక పై ఆఫీసుకి కాపీ వెళ్లాలి, అంతే.

డెబ్బై ఎనిమిదిలో ఆ రిజిస్టరులోకి పుష్పకుమారి ఎక్కింది. పూర్వనామం నూకాలు. పూర్ణా మార్కెట్లో ఎండుచేపలమ్మే సన్యాసమ్మకి ఒక్కగానొక్క కూతురు. చర్చిలో పుష్పకుమారి, సర్టిఫికెట్లలో నూకాలు. సంఘంలో సగం మందికి అలా రెండేసి పేర్లే. కాయితం మీద క్రైస్తవం అని పడిందంటే ఎస్సీ అన్నది పోతుందని చాలామందికి తెలుసు, అందుకే సర్కారు కాయితాల్లో రాయించుకునేవారు కాదు. ఆ నిబంధన రమణమూర్తి గారికి తెలియదా? అలాంటి సర్టిఫికెట్లు ఎన్ని వందల మీద సంతకం పెట్టారు! కానీ రిజిస్టరు ముందు కూర్చుంటే గడి ఖాళీగా ఉండకూడదన్న ధ్యాసే తప్ప, అది రేపు ఎవరి మెడకి చుట్టుకుంటుందో ఆయనకి తట్టలేదు.

ఎనభై ఒకటిలో నూకాలుకి ఎస్సీ కోటాలో ఓ సర్కారు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. ఎనభై మూడులో ఎవడో పుణ్యాత్ముడు ఆకాశరామన్న ఉత్తరం రాశాడు, ఆ పిల్ల క్రైస్తవురాలనీ, కోటా ఉద్యోగానికి పనికిరాదనీ. ఎంక్వైరీ పడింది. బాప్తిస్మపు రిజిస్టరు తీసుకుని శుక్రవారం తాలూకా ఆఫీసుకి రావలసిందని రమణమూర్తి గారికి నోటీసు వచ్చింది.

గురువారం పొద్దున్నే సన్యాసమ్మ గంప గుమ్మంలో దింపి, మెట్టు మీద కూర్చుంది.

"అయ్యగారూ, ఆ ఒక్క కాయితం సింపెయ్యండయ్యా. మాం ఆయన మనుసులమని దేవుడికి కాయితం సూసుకుంటే గానీ తెలీదేటి?"

రమణమూర్తి గారు మొదట కోప్పడ్డారు. వాక్యం చెప్పే నోటితో అబద్ధం ఆడమంటావా అన్నారు. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క కాయితం మీద చుక్క మార్చి ఎరగనన్నారు. ఆవిడ పిల్ల రెండ్రోజులుగా ముద్ద ముట్టలేదని, ఆ ఒక్కమాట చెప్పి గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆవిడ అరిచినా బాగుండేదని ఆయనకనిపించింది. మధ్యాహ్నం దాకా రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నారు. చివరికి తలుపు గడియ పెట్టి ఆ పేజీ చింపేశారు.

మర్నాడు బస్సెక్కి తాలూకా ఆఫీసుకి వెళ్లారు. ఇప్పుడక్కడ తాసీల్దారు నీలకంఠం, ఒకప్పుడు ఆయన దగ్గరే గుమాస్తాగా పని నేర్చుకున్నవాడు. గురువుగారిని చూడగానే లేచి నిలబడి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. రమణమూర్తి గారు టీ ముట్టుకోకుండా, దారంతా వల్లె వేసుకున్న మాట అప్పజెప్పారు. చెదలు పట్టిందనీ, ఆ ఏడాది పేజీ పోయిందనీ. నీలకంఠం రిజిస్టరు తిప్పి చూశాడు. ఎక్కడా చెద లేదు, చింపిన అంచు మాత్రం తెల్లగా కనబడుతోంది. అతను ఫైలు తీసి మెల్లిగా ఇటు తిప్పాడు.

అందులో నకలు ఉంది. తొమ్మిది గడులూ ఉన్నాయి. పుష్పకుమారి, పూర్వనామం నూకాలు. కింద సంతకం. ఆ కింద "సమాచారార్థం".

అయిదేళ్లుగా ఏటేటా పంపిన ఆ కాయితాలు, పేజీ చింపేటప్పుడు రమణమూర్తి గారికి అసలు గుర్తే రాలేదు. ఆ చేతిరాత తనది కాకపోతే బాగుండునని చిన్నపిల్లాడిలా కోరుకున్నారు.

"చింపెయ్యి నీలకంఠం," అన్నారు.

నీలకంఠం తల వంచుకున్నాడు. "పేజీ నంబరు పడిపోయిందండి. కలెక్టరాఫీసుకి రిపోర్టు కూడా ఎళ్లిపోయింది. వచ్చిన కాయితానికి ముందు నంబరెయ్యాలని మీరే కదా, గురువుగారూ, మాకు నేర్పారు."

నంబరు పడని కాయితం పోతుందని ఈ నీలకంఠాన్నే ఓసారి ఎండలో నిలబెట్టి చివాట్లేసిన మనిషాయె. సంతకం తనదేనని రాసివ్వమంటే రాసిచ్చారు. ఎవరూ చెప్పకుండానే చెయ్యి కిందకి జరిగి తేదీ కూడా వేసింది.

అక్కణ్ణించి తిన్నగా పూర్ణా మార్కెట్‌కి వెళ్లారు. సన్యాసమ్మ గోనెపట్టా మీద చేపలు పరిచి ఈగలు తోలుతోంది. ఆయన నిలబడే అంతా చెప్పారు, చింపిన సంగతీ, చెప్పిన అబద్ధం సంగతీ, నకలు సంగతీ. నా చేత్తోనే చేశానమ్మా అన్నారు. ఆవిడ తిడుతుందని ఎదురుచూశారు. తిడితే కొంత తేలికపడేవారు.

"మీరేటి సేత్తారయ్యా," అంది సన్యాసమ్మ. "బాప్తీసం నాడు నానే కదా అడిగినాను, మా పిల్ల పేరు ఆపీసుకెల్తాదా అని. ఎల్తాదన్నారు. మా ఇంట్లో ఎవుల పేరూ ఎప్పుడూ ఆపీసుకెల్లలేదు. నా కూతురి పేరు ఎల్లిందని ఈదంతా సెప్పుకున్నాను."



"పార్దన సెయ్యండయ్యా. మీ మాట పైకెల్తాది," అని ఆవిడ చేపల చేతులు కొంగుకి తుడుచుకుని, ముసుగు వేసుకుని కళ్లు మూసుకుంది.

రమణమూర్తి గారూ కళ్లు మూసుకున్నారు. "తమ దివ్యసముఖానికి విన్నవించుకొనునది ఏమనగా," అన్నారు, అలవాటు చొప్పున. ఆపైన ఒక్క మాట తోచలేదు. పక్కన ఎవరో బేరమాడుతున్నారు. సన్యాసమ్మ కళ్లు మూసుకునే చాలాసేపు ఆగింది. ఆయన ఇంకేమీ అనకపోయేసరికి, తనే ఆమెన్ అని, మళ్లీ ఈగలు తోలుకుంది.