హాల్ల నుంచి బండిబాట

పొద్దుగాల ఏడింటికి సింధుజ కారు తీస్తది. తల్లి గోవిందమ్మను చేను కాడ దించి, అటెన్క వికారాబాద్ టేషనుకు పోయి, పట్నం నుంచి రైల్ల దిగినోళ్లను ఎక్కించుకొని తాండూరు దాంక తోల్తది. పదిహేనేండ్ల పాత కారు. స్టీరింగు పక్కన చిన్న టీవీ లెక్క స్క్రీన్ ఉంటది, దారి సూపెడ్తది. కారు తయారైన ఏడాది ఏయే బాటలుండెనో అవే దానికెరుక. తర్వాత ఏసిన రోడ్లు దానికి తెల్వయి.

యాలాల్ అవుతల గోవిందమ్మకు రెండెకరాల చేను. దానికి పోయే బండిబాట ఆ స్క్రీన్ మీద సన్నటి గీత లెక్క ఉన్నది. మహిధర్ అనే పట్నపాయన ఆ బాట మీదనే ఫామ్ హౌసు కట్టిండు. సుట్టు గోడ లేపి గేటుకు తాళమేసిండు. అయితేంది, స్క్రీన్ మీద బాట ఉన్నన్ని దినాలు కారు కింద బాట ఉంటది. కారు గోడలకెల్లి పోతది, గడ్డి మీదికెల్లి పోతది, ఆయన హాల్ల సోఫాకు టీవీకి నడుమకెల్లి పోతది. ఒక్క గలాసు పలగది. ఆయన పెండ్లాం పద్మారాణి చాయ్ తాగుకుంట కాళ్లు మీదికి తీసుకుంటది.

"గోవిందమ్మా, నిన్న మస్తు దుమ్ము పడ్డది," అంటది.

"బాట మీద దుమ్ము పడదా? ఊడ్సుకో," అంటది గోవిందమ్మ కారు అద్దం దించి.

పోయేది కారొక్కటే. ట్రాక్టరుకు స్క్రీన్ లేకపాయె. కంది కోసి కుప్పేసి పది దినాలాయె. నూర్పిడి మిషిను ట్రాక్టరెనుక రావాలె. ఊర్ల ట్రాక్టరు తోలే శ్రీశైలం రెండుసార్లు తెచ్చిండు, రెండుసార్లు గోడ సూసి మర్లిండు. ఎండకు కాయ పగిలి గింజ నేల రాల్తున్నది. గిదంత మహిధర్ కు ఎరుకే.

"ఇదిగో చూడమ్మా," అని ఒకనాడు ఆయన మ్యాపు తెరిసి ఫోను గోవిందమ్మ మొఖం ముందల పెట్టిండు. "నా ఇల్లుంది, నా గోడుంది. నీ బాటేది? ఫోన్లో లేదంటే లేనట్టే. బాట లేని చేను ఎవరు కొంటారు? శుక్రవారం వస్తా, నాకే అమ్మేస్తున్నట్టు సంతకం పెట్టేయ్."

"మా అత్త నడిసింది, నేను నడిసిన, మా ఎడ్లు నడిసినయి. నీ ఫోను ఎన్నడన్న నడిసిందా సారూ?"

గా వారంలనే సింధుజకు కొత్త ఆలోచన పుట్టింది. కార్ల ఎక్కినోళ్లు "ఇదేం స్క్రీన్, బైపాసే తెల్వదు దీనికి" అని రోజు గులుగుతున్నరు. తాండూరుల జీషాన్ కారు వైర్లపని జేస్తడు, ఫోనును పాత స్క్రీనుకు కలుపుతడట. సంగతి తెల్సి గోవిందమ్మ గూడ కార్ల కూసున్నది.

జీషాన్ స్క్రూలు ఇప్పి స్క్రీన్ బయటికి గుంజిండు.

"ఓ జీషానూ, పాత బాటలు తీసేస్తవా ఏంది?"

"తియ్య పెద్దమ్మా. ఎనుక చిన్న డబ్బా పెడ్తున్న, అంతే. ఫోన్ల మ్యాపు, పాటలు అన్ని గీ స్క్రీన్ మీదికే వస్తయి. జర సబర్ చెయ్."

"సబర్ జేస్తెనే గాయన గోడ లేపిండు."

వైరు పెట్టంగనే స్క్రీన్ తళతళ మెరిసింది. తాండూరు రోడ్లు, పెట్రోలు బంకులు, చాయ్ హోటళ్లు అన్ని వచ్చినయి. "మా చేను సూపెట్టు," అన్నది గోవిందమ్మ. జీషాన్ ఏలుతోని జరిపిండు. మహిధర్ ఇల్లు పేరుతోని సహ వచ్చింది. కింద ఫోటోలు, సూసినోళ్లు మెచ్చి పెట్టిన అయిదు సుక్కలు. బాట మాత్రం లేదు.

గోవిందమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నిన్నమొన్న కట్టిన ఇంటికి సుక్కలు పెట్టిండ్రు. తాతల నాటి బాటకు ఒక్క గీత గియ్యనీకె చేతులు పడిపోయినయా?"

"నన్నెందుకు తిడ్తవ్ పెద్దమ్మా? నేను వైర్లోణ్ణి. ఇగో, గీ బటను ఒత్తి పట్టి ఒకటి, రెండు అను. పాతది వస్తది. ఫికర్ చెయ్యకు."

తెల్లారి సింధుజ బటను సంగతి మర్సిపోయింది. ఫోను మ్యాపు మీదనే తోల్కపోయింది. కారు పోయి గోడకు గుద్దుకున్నది. బంపరు సొట్టపడ్డది. గేటెనుక కాఫీ తాగుతున్న మహిధర్ పకపక నవ్విండు.

"కారుక్కూడ బుద్ధొచ్చిందమ్మా!"

గోవిందమ్మ బటను మీద బొటనేలు పెట్టి ఒత్తింది. ఒకటి, రెండు కాడ ఇడ్వలే. మహిధర్ ను తిట్టుకుంట ఒత్తింది, ఫోనును తిట్టుకుంట ఒత్తింది, సుక్కలు పెట్టినోళ్లను తిట్టుకుంట ఒత్తింది. తిట్లు ఒడిసేదాంక ఏలు తియ్యలే. గంతసేపు ఒత్తేసరికి పాత మ్యాపు స్క్రీన్ మీదికి వచ్చి ఆగలే, వైరుల దిగి ఫోన్లకు గూడ పారింది.

"అమ్మా, ఇడువే, సాలు!" సింధుజ ఫోను ఎత్తి సూపెట్టింది. "బాట ఫోన్లకొచ్చింది సూడు!"

ఇల్లు అట్లనే ఉన్నది. దాని నడుమకెల్లి సన్నటి గీత పోతున్నది. సింధుజ ఆడనే నిలవడి గా మ్యాపును ఊరోళ్ల ఫోను గ్రూపుల పెట్టింది.

గంట తిరగకముందే శ్రీశైలం ఫోనును తువ్వాలతోని స్టీరింగుకు కట్టుకొని వచ్చిండు. ట్రాక్టరు, దాని ఎనుక నూర్పిడి మిషిను, గోడలకెల్లి, హాల్లకెల్లి దడదడ పోయినయి. అటెన్క ఎంకమ్మ ఫోను కొంగున ముడేసుకొని అరువై గొర్లను తోల్కొచ్చింది. గొర్లు సోఫా వాసన సూసుకుంట పోయినయి. పొద్దుగూకేసరికి కందులు సంచులకెక్కి, గదే హాల్లకెల్లి ఊర్లకొచ్చినయి.

శుక్రారం మహిధర్ నడుసుకుంట వచ్చిండు. సంతకం మాట ఎత్తలే.

"అమ్మా, గోడ పక్కనుంచి పన్నెండడుగుల బాట ఇస్తా. సిమెంటు కూడా పోయిస్తా. ఇంట్లోంచి మాత్రం వద్దని చెప్పు వాళ్లకి. నీకు దండం పెడ్తా."

గోవిందమ్మ కందులు చెరుగుతున్నది. చాట ఆపలే.

"బాట ఉన్నకాడనే ఉంటది సారూ. నీకు అడ్డమైతే ఇల్లు జరుపుకో."

ఆయన నెల దినాలు సూసిండు. ఆకరికి మేస్త్రిని పిలిపిచ్చి హాలుకు ముందుగోడ, ఎనుకగోడ తీపిచ్చిండు. ఇప్పుడు వంటిల్లు బాటకు ఆ దిక్కు, పండుకునే అర్ర ఈ దిక్కు. అన్నానికి పిలిస్తే మహిధర్ గడపల నిలవడి, ఇటు సూసి, అటు సూసి, ట్రాక్టరు ఏం వస్తలేదని నిమ్మలమైనంక బాట దాటుతడు.