అప్పీలుకు ఒక కారణం

మిట్టమధ్యాహ్నం. నెల్లూరు కోర్టు వెనక, లాయరు మాలకొండయ్య గదిలో ఫ్యాను తిరుగుతోంది గాని గాలి రావడం లేదు. రొయ్యల షెడ్డులో ఒక పూట పని వదులుకుని వచ్చిన క్యాథరిన్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మంచుగడ్డలు కొరికిన పుండ్లు ఆ వేళ్లమీద ఇప్పుడిప్పుడే మానుతున్నాయి.

అవి మానడమే పక్క కుర్చీలో ఉన్న ఆమె భర్త టైటస్‌కు కంటగింపు. సూపర్వైజరు జయకుమార్ ఇచ్చిన గ్లౌజుల వల్లే మానుతున్నాయి. షెడ్డులో ఆడవాళ్లందరికీ ఇచ్చాడు. అసూయకు ఒక్క జతే కనబడింది. టైటస్ అందరూ చూస్తుండగా కర్రతో జయకుమార్ తల పగలగొట్టి, చంపేస్తానని బెదిరించాడు. మేజిస్ట్రేటు ఏడాది జైలు వేశారు. అప్పీలు చేసుకోవడానికి శిక్షను ఆపారు. ఆ గడువు రేపటితో సరి.

"కొట్టలేదనడానికి లేదు, చూసినోళ్లు ఒకరా ఇద్దరా?" అన్నాడు మాలకొండయ్య. "ఎందుకు కొట్టినాడో మాత్రం ఎవరూ చెప్పలేదు. పై కోర్టు ఒప్పుకుంటే కొత్త సాక్షిని పెట్టొచ్చు. ఆ జయకుమార్ నీ చెయ్యి పట్టుకున్నాడని బోనెక్కి చెప్పమ్మా. శిక్ష తగ్గించమని అడుగుతా."

"పట్టుకోలేదు సార్."

"పట్టుకున్నాడనుకో."

టైటస్ ఆశగా కుర్చీ అంచుకు జరిగాడు. జైలు తప్పుతుందని కాదు. ఇన్నాళ్లుగా తనను తినేస్తున్న అనుమానం ఆమె నోటనే నిజం కాబోతోంది. నిజం కాకపోయినా, ఆమె అంటే చాలు. రుజువు లేని నమ్మకానికి ఉండే ఆకలి అటువంటిది.

"చెప్పవే," అన్నాడు బొంగురుగా. "నా కోసం ఒక్క మాట."

"ఆ గ్లౌజులు అడిగింది నేను. చేతులు కుళ్లిపోతా ఉండాయి, గ్లౌజులు ఇయ్యకుంటే పని చెయ్యం అని అందరి ముందరా కొట్లాడినా. అప్పుడు ఇచ్చినాడు. అది నీకు కనపడలేదా?"

మాలకొండయ్య నవ్వాడు. "అబద్ధమైతే ఆదివారం చర్చిలో ఒప్పుకో. మీ దేవుడు క్షమిస్తాడంట గదా."

"ఆయన క్షమిస్తాడేమో సార్. షెడ్డులో ఆడోళ్లు క్షమించరు. నేనట్లా చెప్తే, గ్లౌజులు తొడుక్కున్న ప్రతిదాని మొగుడూ రేపు కర్ర తీస్తాడు."

"వాడి పేరు చెడుతుందనేగా నీ బాధ!" టైటస్ ఒక్క ఉదుటున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"చెడేది నా పేరయ్యా." క్యాథరిన్ గొంతు పెరగలేదు. "సార్, అప్పీలు వెయ్యండి. ఎందుకు కొట్టినాడో ఆయన్నే చెప్పమనండి. నేను రాను."

ఇందుకూరుపేట బస్సుకు వేళైందని ఆమె లేచి వెళ్లిపోయింది.

"అయితే చెప్పు టైటస్," అన్నాడు మాలకొండయ్య, పెన్ను మూత తీసి. "ఎందుకు కొట్టినావు?"

టైటస్ నోరు తెరిచాడు. "గ్లౌజులు ఇచ్చినాడని..." అన్నాడు. అది రాసుకోకుండా, అసలు కారణం కోసం లాయరు ఎదురుచూస్తూనే ఉన్నాడు.