నకళ్ళ ఏరివేత

లైబ్రరీలో అందరూ ఆమెను కార్డమ్మ అంటారు. ఇరవయ్యారేళ్ళుగా పుస్తకాలకు కార్డులు రాయడం ఆమె పని. కార్డులు పోయి కంప్యూటర్లు వచ్చాయి గానీ ఆ పేరు మాత్రం పోలేదు. ఒక పుస్తకానికి ఒకే కార్డు ఉండాలి. ఎవరైనా పొరపాటున రెండోది రాస్తే ఆమెకు కంట్లో నలుసు పడ్డట్టుండేది. దాన్ని వెతికి పట్టుకుని చించేస్తే గానీ ఆ పూట టీ కూడా తాగేది కాదు.

అలాంటి మనిషిని తీసుకొచ్చి ఇంటర్నెట్ గోడ ముందు కూర్చోబెట్టారు! ఆ తెలివి ఎవరిదో గానీ వాళ్ళకో దండం.

సంగతేమిటంటే, ప్రధాన కార్యాలయం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కింది అంతస్తులో ఒక వినే గది ఉంది. చూపులేనివాళ్ళు అక్కడికొచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చదివి రికార్డు చేసిన పుస్తకాలు వింటారు. ఆ గది ఉంచాలా మూసేయాలా అన్నది పాఠకులే తేల్చాలట. అందుకని ఇంటర్నెట్‌లో ఒక గోడ తెరుస్తారు. ఎవరి ఫోన్లోంచి వాళ్ళు దాని మీద ఒక చీటీ అంటించవచ్చు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి గోడ మీద రెండొందల చీటీలుంటే గది ఉంటుంది, లేదంటే నెలాఖరుకి తాళం పడుతుంది. గోడ బాగోగులు చూసే పని సిబ్బంది నేర్చుకోవాలి.

ఆ గదిలో కిటికీ పక్క కుర్చీ కార్డమ్మ తమ్ముడిది. నాలుగేళ్ళ కిందట అతనికి చూపు పోయింది. తర్వాత రెండేళ్ళు మంచం దిగలేదు. గడ్డం గీసుకోలేదు. పలకరిస్తే "నన్నిలా వదిలెయ్యక్కా" అనేవాడు, అంతే. బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది, చివరికి ఒకరోజు రెక్క పట్టుకుని లాక్కొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఇప్పుడు పొద్దున్నే ఆమె కంటే ముందు తయారై గుమ్మంలో నిలబడి "ఇంకా ఎంతసేపక్కా" అని విసుక్కుంటున్నాడు. ఆ విసుగు వింటే ఆమెకు ప్రాణం లేచొస్తుంది. గది మూస్తే మళ్ళీ ఆ మంచమే. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె లేచి ఏదో ఒక పని పెట్టుకునేది.

నేర్పడానికి ఒక అమ్మాయిని పంపారు. మూడు రోజులు నేర్పింది. మొదటిరోజు కార్డమ్మ చీటీని ఒకచోటికి లాగితే అది ఇంకోచోటికి పోయేది. రెండోరోజు తలప్రాణం తోకకొచ్చింది.

"భయపడకండి మేడమ్, అదేం కరవదు" అంది ఆ అమ్మాయి.

"కరిస్తే మందుంటుందమ్మా, దీనికి మందేదీ?" అంది కార్డమ్మ.

అటెండరు పక్కనుంచి, "మేడమ్ గారు ఆ మౌసుకి కూడా నంబరేసి బీరువాలో పెట్టేస్తారు చూడండి" అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది.

మూడోరోజుకి పని పట్టుబడింది. చీటీ అంటించడం, జరపడం, దిద్దడం, తీసేయడం అన్నీ వచ్చాయి. వెళ్ళేముందు ఆ అమ్మాయి, "గోడ శుభ్రంగా ఉంచండి, చెత్త పడితే తీసేయండి" అంది. బూతులు, ప్రకటనలు వస్తే తీసేయమని ఆమె ఉద్దేశం. కార్డమ్మ ఆ మాట నోటు పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

శుక్రవారం మధ్యాహ్నానికి గోడ మీద రెండొందల ముప్పయ్యొక్క చీటీలు పడ్డాయి. అటెండరు నాలుగు రోజులు కాలికి బలపం కట్టుకుని తిరిగాడు మరి. చూపులేనివాళ్ళు ఫోన్‌కి నోటితో చెప్తే అదే రాసుకుంది. ఏం చెప్పాలో తెలియనివాళ్ళకి అతనే ఒక మాట అందించాడు: "మా గది మూయకండి." అందరూ అదే చెప్పారు, వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళూ అదే రాశారు.

భోజనం అయ్యాక కార్డమ్మ గోడ తెరిచింది. సాయంత్రం పైఅధికారులు చూసే గోడ. తీరా తెరిస్తే, ఎక్కడ చూసినా అదే మాట! ఒకచోట అక్షరం తప్పు, ఇంకోచోట చుక్క లేదు. ఇదేం అవతారం, చూసినవాళ్ళేమనుకుంటారు? గది పరువు పోదూ?

లెక్క ఎలాగూ రెండొందలు దాటిందిగా, ఇక శుభ్రం చేయడమే మిగిలిందనుకుని, చీర చెంగు బొడ్లో దోపుకుని కూర్చుంది.

ఒక్కొక్కటే తీసింది. ఇప్పుడు మౌసు ఆమె మాట విన్నది, ఎంత సంబరమో. తప్పుల్లేని చీటీ ఒకటి ఉంచి, దాన్ని సరిగ్గా మధ్యకి జరిపింది. మూడున్నరకి గోడ మీద పంతొమ్మిది చీటీలున్నాయి, ఒకదానిలా ఒకటి లేదు. అటెండర్ని పిలిచి చూపించింది.

"ఎంత ముచ్చటగా ఉందో చూడు!"

అతను చూశాడు. "మిగతావేవండీ?"

"నకళ్ళన్నీ ఏరేశాను."

"నకళ్ళేంటి మేడమ్! ఒక్కోటీ ఒక్కో మనిషండీ!"

కార్డమ్మ గుండె గుభేలుమంది. వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేసింది.

"తీసేస్తే పోయినట్టే మేడమ్, తిరిగి రావు. నిజంగా తీసేయాలా అని అడిగుంటుందే?"

"అడిగిందమ్మా. ప్రతిసారీ అడిగింది. ప్రతిసారీ అవునన్నాను."

రాసినవాళ్ళని మళ్ళీ రాయమందామంటే, ఒక ఫోన్‌కి ఒకటే చీటీ. రెండోసారి ముట్టుకుంటే "మీరు ఇప్పటికే రాశారు, ధన్యవాదాలు" అంటోంది. ధన్యవాదాలట, దాని మొహం మండ! కార్డమ్మ పేపర్లు చదివే హాల్లోకి పరిగెత్తింది. జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషి, బల్ల బల్ల దగ్గరా ఆగి, "బాబూ, మీరు రాయలేదుగా? ఒక్కమాట రాయండి, మీకు పుణ్యముంటుంది" అని చేతులు పట్టుకుంది. రోడ్డు మీదికొచ్చి దారిన పోయేవాళ్ళనీ అడిగింది. కొందరు రాశారు. కొందరు చెప్పు సరిచేసుకోవడానికి వంగినట్టు మొహం దించుకుని పోయారు.

ఈలోగా లైబ్రేరియన్ గారు ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేశారు.

"గోడ మీద ఎన్నుంటే అన్నే" అన్నాడు అవతలాయన. "అంతకుముందు రెండొందలుండేవని మీరంటే నేనెలా రాసుకోను?"

"మేమందరం చూశామండీ."

"చూసింది మీరే, చెరిపింది మీరే. నన్నేం చెయ్యమంటారు?"

ఐదింటికి గోడ దానంతట అదే మూతపడింది. నలభై మూడు.

లైబ్రేరియన్ గారు ఆమెను ఒక్కమాట కూడా అనలేదు. అన్నా బాగుండేది. "మీరింటికెళ్ళండి, వాళ్ళకి నేను చెప్తాను" అన్నారు.

"వద్దండీ. తీసింది నేను, నేనే చెప్తాను."

వినే గదిలో తొమ్మిదిమంది ఉన్నారు. హెడ్‌ఫోన్లలో ఉన్నవాళ్ళకి పిలిస్తే వినపడదు కాబట్టి ఒక్కొక్కరి భుజమూ తట్టింది. తొమ్మిది మొహాలూ ఆమె వైపు తిరిగాయి. దాచకుండా చెప్పింది. నకళ్ళనుకుని తీసేశాననీ, ఇక రావనీ, నెలాఖరుకి గది మూసేస్తారనీ చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది.

ఎవరూ తిట్టలేదు. తమ్ముడు అడిగాడు: "నాది కూడా తీశావా?"

"తీశాన్రా."

"ఏమని తీశావ్?"

"ఆ మాట అప్పటికే ఉందని."

"మాట ఒకటే అక్కా. మేం ఒక్కళ్ళం కాదుగా."

ఆమె అతని కుర్చీ పక్కన చతికిలబడి అతని మోకాలి మీద తల ఆనించింది. అతను చెయ్యి వెయ్యలేదు, కాలు తీసుకోనూ లేదు.

"నెలాఖరుకి ఎన్నిరోజులుంది?"

"తొమ్మిది."

"ఈ నవల ఇంకెంతుంది?"

"ఇంకా నాలుగు సంపుటాలు."

అతను మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. చేత్తో తడుముకుని, చదివే వేగాన్ని పెంచే మీట పైకి తోశాడు. పుస్తకం చదువుతున్న గొంతు ఊపిరి తీసుకోకుండా పరిగెత్తడం కార్డమ్మకి బయటికి వినిపించింది. పక్క కుర్చీలో ముసలావిడ కూడా మీట కోసం తడుముకుంది. ఆ తర్వాత ఆ పక్కాయన. ఒకరి తర్వాత ఒకరు, గదిలో అందరూ వేగం పెంచుకున్నారు.